వంటశాల వైపు గేటు

లూర్దెస్ తొమ్మిదేళ్ళు ఆ బడిలో పాఠాలు చెప్పింది. ఆమె ముఖం ఒక్కసారి కూడా బడి గోడ మీదికి ఎక్కలేదు. ఎక్కనివ్వలేదు. తెల్లతోలు లేనివాళ్ళ ముఖాలు ఆ గోడ మీద వేయరు. ఇందులో తర్కించడానికేమీ లేదు.

ఆమె భర్త అన్సెల్మో ఈ మాట బడికి కొత్తగా వచ్చిన ప్రతి ఫిలిప్పీనో టీచరుకీ చెప్పేవాడు. మొదటిరోజునే, గేటు దగ్గర నిలబెట్టి చెప్పేవాడు. గేటు పక్కన గోడకి పెద్ద ఫ్లెక్సీ ఉంది. 'మా విదేశీ ఉపాధ్యాయులు' అన్న అక్షరాల కింద నాలుగు తెల్ల ముఖాలు నవ్వుతుంటాయి. వాళ్ళలో ఇద్దరు బడి వదిలి రెండేళ్ళయింది. ఒకడు అసలు ఎప్పుడూ ఆ బడి మెట్లెక్కలేదు. వాడి ఫొటో ఎక్కడిదో ప్రింటింగ్ షాపువాడికే తెలియాలి.

"తల్లిదండ్రులు బడి చూడ్డానికొచ్చే రోజు ఒకటుంటుంది. ఆ రోజు మా ఆవిణ్ణి ఏం చేశారో తెలుసా? నీకివాళ సెలవని చెప్పి వంటశాల వైపు గేటు నుంచి పంపించేశారు. పిల్లలు గీసిన బొమ్మలన్నీ గోడలకి అంటించింది ఆవిడ. వాటి పక్కన నిలబడి ఫొటో దిగింది ఇంకొకడు."

అక్కడ ఆపేవాడు. లూర్దెస్ పోయి మూడేళ్ళయింది. గోడ అలాగే ఉంది.

జూన్ రెండో వారం సోమవారం పొద్దున ఆచార్న్ ప్రనోమ్ అతన్ని గదిలోకి పిలిపించింది. బడి ఆమెదే, పెత్తనమూ ఆమెదే. థాయ్ దేశపు ఆ సురిన్ పట్నంలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ఆచార్నే, అంటే గురువుగారే. బల్ల నిండా గురువందనం పండక్కి తెప్పించిన పళ్ళేలు, రిబ్బన్లు.

"నాలుగో తరగతి డారెన్ రాలేదు, టీచర్ సెల్మో. వీసా ముద్ర కోసం సరిహద్దుకెళ్తున్నానన్నాడు. శుక్రవారం నుంచి ఫోను ఎత్తడం లేదు."

"ఇక ఎత్తడు, ఆచార్న్."

"ఏజెంటు ఐదుగురి కాగితాలు పంపాడు. నాకు ఈ పండగ పనులతో ఊపిరాడ్డం లేదు. మీరే ఫోన్లు చేసి గురువారంలోగా ఒకరిని తేల్చండి. మీ చెవి మంచిది."

"నా చెవి అంత మంచిదైతే ఆ తరగతి నాకే ఇవ్వొచ్చుగా."

ఆమె నవ్వింది. "మీరెప్పుడూ ఇంతే, జోకులు."

అతను జోకు వేయలేదు. కాగితాలు తీసుకుని లేచాడు.

"మీ వర్క్ పర్మిట్ కాగితం కూడా నా దగ్గరే ఉంది," అంది వెనకనుంచి. "ఆగస్టుకి అరవై నిండుతాయి కదా మీకు? వేరే బడివాళ్ళైతే ఈపాటికి పంపించేసేవాళ్ళు. నేను సంతకం పెడతాను, ఈ వారంలోనే."

మధ్యాహ్నం తరగతులయ్యాక అతను టీచర్ల గదిలో ఫ్యాను కింద కూర్చుని కాగితాలు జోవెలిన్ ముందుకి తోశాడు. జోవెలిన్ శిశు తరగతులకి చెబుతుంది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. అతన్ని కుయా అంటుంది, వాళ్ళ దేశంలో పెద్దన్నని పిలిచినట్టు.

"జోవీ, వీటి మీద ఫొటో, దేశం కనబడకుండా పైన ఏదన్నా కాగితం పెట్టి పిన్ను గుచ్చు."

"ఎందుకు కుయా?"

"నాకు గొంతు చాలు."

"గుడ్డివాడు పెళ్ళిచూపులకి వెళ్ళినట్టుంది," అంటూనే గుచ్చింది.

అతను అందరినీ ఒకే ప్రశ్న అడిగాడు. నాలుగో తరగతిలో ఒక ఆడపిల్ల ఉంది. బడి తెరిచి నాలుగు వారాలైనా నోరు విప్పలేదు. మీరేం చేస్తారు? ఒకడు ఆటలాడిస్తానన్నాడు. ఇంకొకడు బంగారు రంగు స్టిక్కర్లిస్తానన్నాడు. మూడోవాడు ప్రశ్న పూర్తిగా వినకుండానే బీచ్ ఎంత దూరమని అడిగాడు. ఇక్కడ సముద్రం లేదు, వరిచేలున్నాయని చెబితే పెట్టేశాడు. నాలుగోవాడు ఫోను ఎత్తలేదు.

ఐదోది ఆడగొంతు. తొందర లేని గొంతు.

"ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?" అని ఎదురడిగింది.

"కిటికీ పక్కన. ఒంటరిగా."

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?"

అన్సెల్మో కుర్చీలో ముందుకి జరిగాడు. ఈ ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగ్గా అతను వినలేదు. "ఖ్మేర్. బడిలో థాయ్. దాని మీద మన ఇంగ్లీషు."

"మూడో భాషలో మాట్లాడమనే ముందు నేనైతే కొన్నాళ్ళు నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను సార్. పెన్సిళ్ళు చెక్కుతూ ఉంటాను. పిల్లలు పనిచేసే చేతుల్ని చూస్తారు. ఏదో ఒకరోజు నా పెన్సిల్ ములుకు విరిగింది, చెక్కండి అనైనా అంటుంది కదా."

అతను ఫోనుని రెండో చెవికి మార్చుకున్నాడు.

"సార్? ఉన్నారా?"

"ఉన్నాను. మా ఆవిడ అలాగే చేసేది. బ్లేడుతో చెక్కేది. ఆమె చెక్కిన పెన్సిల్ పొట్టు చెదరకుండా పువ్వులాగా వచ్చేది." ఆ తర్వాత మాట అనాలని అనుకోలేదు. "పోయింది."

"ఆషియా," అంది ఆ గొంతు.

"ఏమన్నారు?"

"మా వైపు మాట. నెత్తిన బరువుతో ఎవరన్నా ఎదురైతే అంటాం. చావింటికి వెళ్ళినా అదే అంటాం. నీ బరువు నాకు కనబడుతోంది అని."

ఫోను పెట్టేశాక పిన్ను తీశాడు. రెలిండిస్ న్గుమ్. కామెరూన్ దేశం. టీచరు చదువు చదివింది. తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పింది, చివరి మూడేళ్ళూ ఈ దేశంలోనే, చంతబురిలో ఒక చిన్న బడిలో. ఆ బడి మూతపడింది. ఫొటోలో వెడల్పాటి నుదురు, నల్లటి ముఖం, తెల్ల కాలరు.

జోవెలిన్ అతని భుజం మీదుగా చూసింది. "అయ్యో దేవుడా. కుయా, గోడ మీద మనకే చోటు లేదు. ఈమెని రానిస్తారా?"

"వాళ్ళ ఊళ్ళో చదువంతా ఇంగ్లీషే. నీకంటే నాకంటే బాగా మాట్లాడుతుంది."

"ఆ సంగతి ముఖం మీద రాసుంటుందా?"

"ముఖం పాఠం చెప్పదు."

అతను తెల్లకాగితం ఒకటి తీసుకుని గడులు గీశాడు. పేరు, చదువు, అనుభవం, తన అభిప్రాయం. గుండ్రటి అక్షరాలతో నింపాడు. దేశం అనే గడి గీయలేదు.

ఆచార్న్ ఆ కాగితాన్ని నిలబడే చదివింది. "రెలిండిస్. జర్మనీ అమ్మాయా?"

"మిషనరీ బడిలో చదివింది," అన్నాడు. అది అబద్ధం కాదు.

"ఆడమనిషైతే మేలే, తాగి పడిపోదు. గురువారం పొద్దున్నే రమ్మనండి. గురువందనం చూస్తుంది. తర్వాత ఒక పాఠం చెప్పిద్దాం. తల్లిదండ్రులు కూడా ఉంటారు, వాళ్ళే చూసుకుంటారు."

అతను వరండాలో నడుస్తూ ఈల వేశాడు. లూర్దెస్ పోయాక ఈల వేయడం అదే మొదలు. ఆ గోడని ఒక్క దెబ్బ కొడుతున్నాననుకున్నాడు. కొట్టడానికి వాడుతున్న చెయ్యి ఎవరిదో ఆలోచించలేదు.

బుధవారం బడంతా అరిటాకు వాసన. పిల్లలు తరగతికొక పళ్ళెం తయారు చేయాలి. గరిక తెచ్చారు, నూరు వరహాల గుత్తులు తెచ్చారు, వంకాయ పూలు తెచ్చారు. గరికలా చదువు పాకాలి. నూరు వరహాల మొగ్గలా బుద్ధి సూదిగా ఉండాలి. వంకాయ పువ్వు ఎప్పుడూ నేలచూపే చూస్తుంది, గురువు ముందు తల అలా వంగి ఉండాలి. అన్సెల్మో నేల మీద బాసింపట్టు వేసుకుని అరిటాకు చీలికలు కోసుగా మడిచి పిన్నులు గుచ్చుతున్నాడు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పని, చూడకుండానే చేస్తాడు. మాట్లాడని పిల్ల ఖావ్‌ఫాంగ్ అతని పక్కనే కూర్చుని వంకాయ పూలకి కాడలు సమంగా తుంచి అందిస్తోంది.

జోవెలిన్ నీళ్ళ బకెట్టు పట్టుకుని వచ్చి వాళ్ళ దగ్గర దించింది. "ఆమెకి చెప్పారా కుయా, ఆచార్న్‌కి తెలీదని?"

"చెబితే రాదు."

"నేనూ అదే అంటున్నా. చంతబురి నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని రావాలి."

"రానీ. ఒక్క పాఠం వింటే ఎవరైనా మారతారు."

"మీరు పన్నెండేళ్ళు వినిపించారు," అంది జోవెలిన్. బకెట్టు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను రెలిండిస్‌కి ఫోన్ చేశాడు. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, గేటు దాకా ఎలా నడిచి రావాలో చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. గదికి వచ్చి బరోంగ్ తీశాడు, తన దేశపు పండగ చొక్కా. పలచటి నారబట్ట, ఎంబ్రాయిడరీ పని. దాని మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేయాలని లూర్దెస్ చెప్పేది. పరిచి చేశాడు. అయినా కాలరు దగ్గర ముడత పోలేదు.

గురువారం ఏడింటికి ఆమె గేటు దగ్గర ఉంది. పొడుగు మనిషి. నీలం గౌను, తెల్ల కాలరు. చెప్పులు విప్పి సంచీలో పెట్టుకుని, సంచీలోంచి బూట్లు తీసి, గోడకి ఆనుకుని తొడుక్కుంటోంది. ఆమె చెయ్యి ఆనింది ఫ్లెక్సీ మీద, డారెన్ ముఖానికి కొంచెం కింద. పిల్లల్ని దింపుతున్న తల్లులు స్కూటర్ల మీద నుంచే తిరిగి చూశారు. ఒకామె ఫోను తీసింది.

"మీరేనా సార్? గొంతుని బట్టి ఇంకా లావుగా ఉంటారనుకున్నా," అంది రెలిండిస్.

అన్సెల్మో నవ్వాడు. ఆ నవ్వు తల్లుల వైపు చూడగానే ఆగింది.

హాల్లో వేదిక మీద టీచర్లకి కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. డ్రిల్లు మాస్టారు హడావిడిగా వచ్చి కొత్త టీచరు అనగానే ఆమెని డారెన్ కుర్చీలో కూర్చోబెట్టాడు, అన్సెల్మో పక్కన. ఆచార్న్ భిక్షువుల్ని తీసుకుని ఆలస్యంగా వచ్చింది. కింద మొదటి వరసలో కూర్చున్నాక తలెత్తి టీచర్లని ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. డారెన్ కుర్చీ దగ్గర చూపు ఆగింది. ముఖంలో నవ్వు మాత్రం అలాగే ఉంది.

పాట అయింది. పిల్లలు ఇద్దరిద్దరుగా మోకాళ్ళ మీద నడుస్తూ వచ్చి పళ్ళేలు అందిస్తున్నారు. ఎవరి ముందు ఎవరు ఆగాలో ముందే లెక్క. డారెన్ కుర్చీకి నాలుగో తరగతి. ఖావ్‌ఫాంగ్ పళ్ళెం పట్టుకుని వచ్చి రెలిండిస్ ముందు మోకరిల్లింది. తల వంచింది. ఆ పిల్ల వంచిన తలని చూసింది రెలిండిస్. తర్వాత కుర్చీ దిగి తనూ మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల ఎత్తుకి వచ్చి, రెండు చేతులా పళ్ళెం అందుకుంది.

హాలు గుసగుసలాడింది. గురువు దిగకూడదు.

"కుర్చీ మీద ఉండే తీసుకోవాలి," అన్నాడు అన్సెల్మో మెల్లగా.

"తెలీదు సార్. మా వైపు పిల్లలు ఏదన్నా ఇస్తే వంగే తీసుకుంటాం."

ఖావ్‌ఫాంగ్ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. మిగతా పిల్లలు వెనక్కి జరిగిపోయినా తను కాసేపు అక్కడే ఉంది. డ్రిల్లు మాస్టారు వచ్చి లేపాల్సి వచ్చింది.

కార్యక్రమం అయ్యాక రెలిండిస్‌ని నాలుగో తరగతి గదిలో కూర్చోబెట్టి వస్తుంటే, మెట్ల కింద ఆచార్న్ ఎదురైంది. అటుపక్క నీడలో తల్లిదండ్రులు సర్బత్తు తాగుతున్నారు. వాళ్ళకి కనబడేలా నవ్వుతూనే ఆమె మాట్లాడింది.

"పేరు చూసి నేను ఇంకేదో అనుకున్నాను. మీరు అనుకోనిచ్చారు."

"మీరు అడగలేదు, ఆచార్న్."

"అడగలేదు. మీరు గడి గీయలేదు. ఇద్దరికీ సరిపోయింది."

"ఒక్క పాఠం వినండి. తర్వాత మీ ఇష్టం."

"బాగా చెబుతుంది, నాకు తెలుసు. మీ చెవి మంచిదని నేనే అన్నాను కదా. అదే కష్టం, టీచర్ సెల్మో. విన్నాక పంపితే పాపం తగులుతుంది. వినకుండా పంపితే ఎవరికీ ఏమీ లేదు." దూరంగా ఎవరో చేతులు జోడిస్తే తనూ జోడించింది. "ఆమె గేటు దగ్గర బూట్లు తొడుక్కుంటున్న ఫొటో తల్లుల గ్రూపులో అప్పుడే తిరుగుతోంది. ఇద్దరు అడిగారు నన్ను, పిల్లలు భయపడరా అని. వాళ్ళ కళ్ళు నేను మార్చగలనా?"

అతను తన బూట్ల వైపు చూశాడు.

"మీ పర్మిట్ మీద సాయంత్రం సంతకం పెడతాను. ఇంకో మాట. డారెన్ ముఖం తీసేయాలి కాబట్టి కొత్త ఫ్లెక్సీ వేయిస్తున్నాను. ఈసారి మీ ఫొటో వేద్దాం. పన్నెండేళ్ళయింది, వేయాల్సిందే. ఈ చొక్కాలో బావున్నారు కూడా." ఆమె చెయ్యి చాచి అతని కాలరు మీద ముడతని సరిచేసింది. "ఆమెకి మీరే చెప్పండి. మీరూ మీరూ బయటి దేశాలవాళ్ళు, మీరు చెబితే బావుంటుంది. ముందు గేటు దగ్గర జనం ఉన్నారు. కాస్త చూసుకోండి."

అతను కాదనలేదు. ఆ నిమిషంలో కాదనే మాట నోటిదాకా వచ్చిందని తర్వాతైనా చెప్పుకోవడానికి లేదు. రాలేదు.

నాలుగో తరగతి గదిలో రెలిండిస్ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. పూల పళ్ళెం ఒక పక్క. ముందు కాగితం పరుచుకుని, సంచీలోంచి తీసిన చిన్న చాకుతో పెన్సిళ్ళు చెక్కుతోంది. చెక్కినవి వరసగా పేర్చింది. ఖావ్‌ఫాంగ్ రెండడుగుల దూరంలో నిలబడి ఆ చేతులనే చూస్తోంది.

"ఉద్యోగం నిండిపోయింది," అన్నాడు అన్సెల్మో.

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న సాయంత్రం మీరే ఫోన్ చేసి ఏ బస్సెక్కాలో చెప్పారు."

ఆమె చేతిలో ఉన్న పెన్సిల్‌ని పూర్తిగా చెక్కింది. ములుకు మీద ఊదింది. వరసలో పెట్టింది. ఖావ్‌ఫాంగ్ చేతికి వాటిల్లో ఒకటి ఇచ్చి తల నిమిరి బయటికి పంపింది. అప్పుడు అడిగింది.

"ఆవిడకి నా గురించి తెలుసా?"

"తెలీదు."

"తెలీదని మీకు తెలుసు."

"తెలుసు."

"నాకు చెప్పుంటే రావాలో వద్దో నేను తేల్చుకునేదాన్ని కదా సార్. ఇలాంటి గేట్లు నాకు కొత్త కావు. కొన్నిటికి తెలిసే వెళ్తాను." పొట్టు చెదరకుండా కాగితంలో మడిచి చెత్తబుట్టలో వేసింది. "మీరు పోట్లాడుతున్నారని నాకు తెలీదు. తెలిస్తే అడిగేదాన్ని, ఎవరి కోసం అని."

ఆమె కోప్పడుతుందేమో అని అతను ఎదురుచూశాడు. ఆమె బూట్లు విప్పి సంచీలో పెట్టుకుని చెప్పులు తొడుక్కుంది.

"ఇటు వెళ్దాం," అన్నాడు. "బస్టాండుకి దగ్గర."

"నేను వచ్చింది అటు కదా?"

"ఇది దగ్గర."

దగ్గర కాదు. బడి చుట్టూ తిరిగి మళ్ళీ ఆ రోడ్డు మీదికే వెళ్ళాలి.

వంటశాల వెనక పెద్దమ్మ నోయ్ గంగాళాలు తోముతోంది. బడి పెట్టినప్పటి నుంచి వంట ఆమెదే. అతన్ని, వెనకాల వస్తున్న మనిషిని చూసి చేతులు ఆపింది.

"ఆ గడియ రాదు, టీచర్ సెల్మో. తుప్పు పట్టింది. మీ ఆవిడ వెళ్ళాక ఆ గేటు మళ్ళీ ఎవరు తీశారు గనక?"

అతను గడియ లాగాడు. రాలేదు. భుజం ఆనించి తోశాడు. రెలిండిస్ పూల పళ్ళేన్ని గట్టు మీద పెట్టి తనూ ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తోస్తే కీచుమని తెరుచుకుంది. అతని బరోంగ్ భుజం మీద తుప్పు మరక పడింది.

"పెద్దావిడ ఏమంటోంది?" అని అడిగింది.

"గేటు తుప్పు పట్టిందంటోంది."

రెలిండిస్ అతని ముఖంలోకి చూసింది. మూడేళ్ళుగా ఈ దేశంలో ఉన్న మనిషి. అంతమాత్రం థాయ్ వచ్చే ఉంటుంది. పళ్ళెం వైపు తిరిగి ఒక్క వంకాయ పువ్వు తీసుకుని చాకు ఉన్న సంచీ అరలో పెట్టుకుంది. మిగతాది గట్టు మీదే వదిలేసింది.

"ఆషియా, సార్," అంది.

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బావుండేది.

ఆమె రోడ్డు మలుపు తిరిగేదాకా అతను గేటు మూయలేదు. పెద్దమ్మ నోయ్ గంగాళం బోర్లించి, "ఈవిడా మీవాళ్ళేనా?" అని అడిగింది. అతను గడియ వేశాడు.

ఆ సాయంత్రం ఆచార్న్ సంతకం పెట్టింది. పై వారం డారెన్ చోటుకి ఒక తెల్లవాడు వచ్చాడు, స్టిక్కర్లవాడే. ఆ తర్వాతి సోమవారం గోడ మీద కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఎడమ నుంచి మూడో ముఖం అన్సెల్మోది. ప్రింటింగ్ షాపువాడు అతన్ని రెండు ఛాయలు తెల్లబరిచాడు. భుజం మీద తుప్పు మరక కూడా తుడిచేశాడు. పొద్దున్నే వచ్చిన పిల్లలు ఆ ఫొటో వైపు వేలు చూపించి టీచర్ సెల్మో, టీచర్ సెల్మో అని అరిచారు. ఖావ్‌ఫాంగ్ ఆగి చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది.

అదే రోజు శిశు తరగతులకి జోవెలిన్‌కి తోడుగా కొత్త టీచరు దిగాడు. రెనాతో అని, వాళ్ళ దేశంలోనే నెగ్రోస్ దీవి కుర్రాడు. పెట్టె ఇంకా చేతిలోనే ఉంది. జోవెలిన్ అతన్ని గేటు దగ్గరికి తీసుకొచ్చింది, అన్సెల్మో అక్కడ ఉన్నాడని తెలిసే.

"చూశావా, మనవాడి ముఖం గోడ మీద ఉంది," అన్నాడు రెనాతో సంబరంగా. "ఇలాంటి బళ్ళలో మనల్ని గోడ మీద వేయరని చెప్పారే!"

"కుయా," అంది జోవెలిన్, అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ. "కొత్తవాళ్ళకి మీరు ఒకటి చెబుతుంటారు కదా, లూర్దెస్ అక్క సంగతి. చెప్పండి ఇతనికి. ఇదే చోటు కదా మీరు నిలబెట్టి చెప్పేది."

అన్సెల్మో ఫ్లెక్సీ వైపు చూడలేదు. కుర్రాడి చేతిలో పెట్టె అందుకున్నాడు.

"ఏమీ లేదు," అన్నాడు. "గంట కొట్టేశారు. పద."

ఆ సంగతి అతను ఆ రోజు చెప్పలేదు. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.